క్యాప్సూళ్ల మీద బీటా గ్లూకాన్ ఎంతో విడిగా రాయించండి

అయ్యా,

మా వదినకు కీమో పూర్తయి మూడు నెలలైంది. నీరసం తగ్గుతుందని మేనల్లుడు గానోడెర్మా పుట్టగొడుగు క్యాప్సూళ్లు తెచ్చాడు. 60 క్యాప్సూళ్లు 1,800 రూపాయలు. డబ్బా మీద ‘పాలీశాకరైడ్లు 40 శాతం’ అని పెద్దక్షరాల్లో ఉంది. గుంటూరులో ముప్పై ఏళ్లు ఇంటర్ పిల్లలకు కెమిస్ట్రీ చెప్పినదాన్ని, ఆ మాట దగ్గరే ఆగిపోయాను. పాలీశాకరైడ్ అంటే చక్కెర అణువుల పొడవాటి గొలుసు. అన్నం వార్చిన గంజిలో ఉన్న పిండీ పాలీశాకరైడే కదా!

ఒక క్యాప్సూల్ విప్పి, పొడిని నీళ్లలో మరిగించి, చల్లారాక పలచన చేసిన అయోడిన్ రెండు చుక్కలు వేశాను. ముదురు నీలం తిరిగింది, అంటే అందులో పిండి ఉందన్నమాట. వరిగడ్డి మీద పెంచిన ముత్యపుచిప్ప పుట్టగొడుగులను ఎండబెట్టి అలాగే చేస్తే అయోడిన్ పసుపే మిగిలింది.

పుట్టగొడుగు తన కణం చుట్టూ గోడ కట్టుకోవడానికి బీటా గ్లూకాన్ అనే పాలీశాకరైడ్‌ను తయారుచేసుకుంటుంది. కణపు పొరలో ఉండే ఎంజైము యూడీపీ-గ్లూకోజ్ అనే పదార్థం నుంచి గ్లూకోజ్‌ను ఒక్కొక్కటిగా తీసుకుని గొలుసు అల్లుతూ బయటికి తోస్తుంది. దానికి కొమ్మలు పుట్టి, కైటిన్ అనే గట్టి పదార్థంతో పెనవేసుకుని గోడ గట్టిపడుతుంది. పిండి పదార్థమూ గ్లూకోజ్ గొలుసే, కాకపోతే ముడి వేరు. ఆ ముడిని మన లాలాజలమే విప్పేస్తుంది. బీటా ముడిని విప్పే ఎంజైము మనకు లేదు. మన తెల్లరక్తకణాల మీదుండే డెక్టిన్-1 అనే గ్రాహకం మాత్రం దాన్ని గుర్తుపడుతుంది. శాస్త్రజ్ఞుల ఆసక్తంతా అక్కడే. జపాన్‌లో షిటాకే పుట్టగొడుగు నుంచి లెంటినాన్ అనే బీటా గ్లూకాన్‌ను 1969లో వేరుచేశారు. 1985లో జీర్ణాశయ క్యాన్సర్‌కు కీమోతో పాటు ఇవ్వడానికి అనుమతించారు. అది శుద్ధి చేసిన ఇంజెక్షన్ మందు. ఈ పొడికీ దానికీ పోలికే లేదు.

మరి పిండి ఎక్కడిది? కొందరు శిలీంధ్రపు దారాలను బియ్యం, జొన్నల మీద పెంచి గింజలతో సహా పొడి కొడతారు. లేదా పిండినే నింపుడుగా కలిపి ఉండొచ్చు. ఏదైనా సరే, ‘పాలీశాకరైడ్లు’ అనే లెక్కలో కలిసిపోతుంది.

ఆహార భద్రత అధికారులను కోరేది ఒక్కటే. లేబుల్ మీద బీటా గ్లూకాన్ ఎంత, పిండి ఎంత అన్నది విడివిడిగా రాయించండి. పుట్టగొడుగు వాడారో, గింజల మీద పెంచిన దారాలు వాడారో కూడా తెలియాలి. మావాడు తల్లి మీద ప్రేమతో జీతంలోంచి కొన్నాడు, వాణ్ణి ఏమనను? డాక్టరు గారికి చూపిస్తే ప్రస్తుతానికి ఆపమన్నారు. డబ్బా నా దగ్గరే ఉంది. పరీక్షకు కావాలంటే ఇస్తాను.

– విశ్రాంత కెమిస్ట్రీ లెక్చరర్, బ్రాడీపేట, గుంటూరు