ఓడ దిగాక కొచ్చిలో ఒక రోజు

ఒరేయ్ బావా,

ఫోన్‌లో చెప్తే సగం మర్చిపోతానని కూర్చుని రాస్తున్నాను. ముంబై నుంచి కొచ్చికి ఓడలో వెళ్తున్నామని చెప్పాను కదా. రెండు రాత్రుల ప్రయాణం, మొన్న మంగళవారం పొద్దున్నే దిగాం. ఓడలో సంగతులు పెద్దగా రాయను. పాటలు, ఆటలు, పొద్దస్తమానం తిండి. మా అమ్మాయికి పండగే పండగ. నాకు మాత్రం దిగిన రోజే అసలు ప్రయాణంలా అనిపించింది. ఈ ఉత్తరం నాన్నగారికి కూడా చదివి వినిపించు. ఇందులో సగం ఆయన కోసమే రాస్తున్నాను.

ఇంకా చీకటి ఉండగానే లేచి డెక్ మీదకి వెళ్లాను. రేవులోకి ఓడకి దారి చూపించే పైలట్ బోటు వచ్చి మా ఓడ పక్కకి చేరింది. తాడు నిచ్చెన పట్టుకుని ఒకాయన చకచకా ఎక్కేశాడు. పోర్టులో పనిచేసిన రోజుల్లో నాన్నగారు మనకి చెప్పేవారు గుర్తుందా, ఎంత పెద్ద కెప్టెనైనా రేవులోకి రావాలంటే ఆ ఊరి పైలట్ చెప్పినట్టు వినాల్సిందేనని? ఇన్నాళ్లకి కళ్లారా చూశాను. వెలుగు వచ్చేసరికి ఎడమ పక్క వైపిన్ దీవి, కుడి పక్క ఫోర్ట్ కొచ్చి, మధ్యలో మా దారి. ఒడ్డున చీనా వలలు రెక్కలు చాపిన కొంగల్లా వరసగా ఉన్నాయి. మన విశాఖలో డాల్ఫిన్స్ నోస్ కొండ పక్కనుంచి ఓడలు లోపలికి రావడం బీచ్ రోడ్డు మీద నిలబడి మనం ఎన్ని వందలసార్లు చూశామో. కానీ ఓడ మీద నిలబడి ఉంటే, ఊరే మెల్లగా నడిచి మన దగ్గరికి వస్తున్నట్టు ఉంటుందిరా. ఆ అరగంట నేను ఎవరితోనూ మాట్లాడలేదు.

ఓడ ఆగిన చోటు పేరు విల్లింగ్డన్ ఐలాండ్. దాని కథ నాన్నగారికి తప్పకుండా చెప్పాలి. 1341లో పెరియార్ నదికి పెద్ద వరద వచ్చి, అంతకుముందు వందల ఏళ్లు వెలిగిన ముజిరిస్ రేవు పూడిపోయిందట. అదే వరద కొచ్చి దగ్గర సముద్రానికి దారి తెరిచింది. కానీ ఆ దారి నోటి దగ్గర ఒక ఇసుక తిన్నె అడ్డంగా ఉండిపోయింది. పెద్ద ఓడలు లోపలికి రాలేక బయటే లంగరు వేసుకుంటే, సరుకంతా పడవల మీద మోసేవారు. 1920లో రాబర్ట్ బ్రిస్టో అనే ఇంజనీరు వచ్చి ఆ తిన్నెని తవ్వించాడు. తవ్విన మట్టి ఎక్కడ పోశారనుకున్నావ్? లోపల బ్యాక్‌వాటర్స్‌లో పోశారు. ఈ దీవిలో చాలా భాగం అలా పుట్టిందే, దాదాపు 780 ఎకరాలు. అంటే మా ఓడ రావడానికి తీసిన మట్టి మీదే మేం మొదటి అడుగు పెట్టాం! ఆ మాట తెలిశాక సూట్‌కేసు లాక్కుంటూ వెళ్తున్నవాణ్ణి ఆగిపోయి కిందకి చూశాను.

1928 మే 26న లోపలికి వచ్చిన మొదటి పెద్ద ఓడ పేరు 'పద్మ'. అది కూడా బొంబాయి నుంచే వచ్చింది, మాలాగే. ఇంకో సంగతి. అప్పట్లో మద్రాసు గవర్నరుగా ఉండి బ్రిస్టోని ఇక్కడికి పంపిన లార్డ్ విల్లింగ్డనే, తర్వాత వైస్రాయ్ అయి 1933 డిసెంబరులో మన విశాఖ పోర్టుని లాంఛనంగా ప్రారంభించాడు. మన ఊరికీ ఈ ఊరికీ ఇలాంటి చుట్టరికం ఉందని నాకు ఇన్నేళ్లూ తెలియదు.

సామాను ఎర్నాకుళంలో హోటల్లో పడేసి, హైకోర్టు జెట్టీ నుంచి వాటర్ మెట్రో ఎక్కి ఫోర్ట్ కొచ్చి వెళ్లాం. నువ్వు వస్తే రోడ్డు మీద వెళ్లొద్దు, ఇది ఎక్కు. బ్యాటరీతో నడిచే బోట్లు, కొచ్చిన్ షిప్‌యార్డులోనే కట్టారు. చప్పుడు లేదు, పొగ లేదు, లోపల ఏసీ. జెట్టీ కూడా నీళ్ల మీద తేలుతూ ఉంటుంది. పోటు వచ్చినా పాటు వచ్చినా జెట్టీ, బోటు ఒకే ఎత్తులో ఉంటాయి. చేతికర్ర పట్టుకున్న ఒక పెద్దావిడ ఎవరి సాయం లేకుండా గడప దాటినట్టు దాటి ఎక్కింది. ఫోన్లు చూసుకుంటూ ఆఫీసులకి వెళ్లేవాళ్లు, స్కూలు పిల్లలు, కూరగాయల సంచులు. మనకి సిటీ బస్సు ఎలాగో వాళ్లకి ఇది అలాగ. అది చూసి నిజంగా ముచ్చటేసింది.

ఫోర్ట్ కొచ్చిలో దిగగానే చీనా వలల దగ్గరికి వెళ్లాం. దూరం నుంచి ఫొటోల్లో అందంగా ఉంటాయి కానీ, దగ్గరికెళ్తే అదొక పెద్ద తూకం. ముందు వైపు నీళ్ల మీద వల, వెనక వైపు తాళ్లకి వేలాడే రాళ్లు. ఒక్కో రాయి మన రుబ్బురోలు పొత్రమంత. ఒక మనిషి దూలం మీద నాలుగడుగులు ముందుకి నడిస్తే చాలు, ఆ బరువుకే వల నీళ్లలోకి దిగిపోతుంది. కాసేపు ఆగి, నలుగురైదుగురు వెనక తాళ్లు పట్టుకుని లాగితే, రాళ్లు ఒకదాని తర్వాత ఒకటి కిందకి దిగుతూ వల పైకి లేస్తుంది. వాళ్లు పిలిస్తే నేనూ ఒక చెయ్యి వేశాను. తాడు తడిసి జారుతోంది, ఉప్పు పేరుకుని గరుగ్గా ఉంది. వల పైకి వచ్చాక చూస్తే గుప్పెడు చిన్న చేపలు, ఒక పీత, రెండు ప్లాస్టిక్ కవర్లు. అంతే. ఇంత కష్టానికి ఇంతేనా అని మనసు చివుక్కుమంది. హిందీ, తమిళం కలిపి వాళ్లలో పెద్దాయనతో మాట్లాడాను. ముందులా చేపలు పడటం లేదట, టేకు దూలాలు మార్చాలంటే బోలెడు ఖర్చట. కొన్నింటికి ఇప్పటికే ఇనుప పైపులు కట్టేశారు. నాన్నగారైతే ఆయన పక్కన కూర్చుని మధ్యాహ్నం దాకా లేచేవారు కాదు.

దగ్గర్లోనే సెయింట్ ఫ్రాన్సిస్ చర్చి. వాస్కో డ గామా 1524లో కొచ్చిలోనే చనిపోతే మొదట అక్కడే పాతిపెట్టారు, తర్వాత ఎముకలు పోర్చుగల్ తీసుకెళ్లిపోయారు. సమాధి రాయి మాత్రం ఇక్కడే ఉంది. లోపల పైనుంచి వేలాడే పాతకాలపు గుడ్డ పంకాలు చూసి, ఇవి ఎవరు విసిరేవారు నాన్నా అని మా అమ్మాయి అడిగింది. బయట కూర్చుని తాళ్లు లాగిన వాళ్ల గురించి చెప్పాను.

అక్కడి నుంచి మట్టాంచేరికి ఆటో ఎక్కడం పొరపాటైంది. తక్కువ డబ్బులకే అన్నీ చూపిస్తానని ఎక్కించుకున్న అబ్బాయి వరసగా షాపులకి తిప్పడం మొదలుపెట్టాడు. మూడో షాపు దగ్గర దిగి, డబ్బులిచ్చి నడిచిపోయాం. అదే మంచిదైంది. బజార్ రోడ్డులో నడిస్తేనే వాసనలు తెలుస్తాయి. పెంకుటిళ్ల గోదాములు, తలుపు తలుపుకీ వాసన మారుతుంది. ఒక చోట మిరియాలు, ఇంకో చోట యాలకులు, తర్వాత దాల్చినచెక్క. ఒక గోదాము ముందు గోనె మీద శొంఠి ఆరబోసి ఉంది. ఆ ఘాటు తగలగానే, వానలో తడిసి వస్తే మీ అమ్మగారు మనిద్దరికీ ఇచ్చే శొంఠి కాఫీ గుర్తొచ్చింది. ఆవిడ పోయి తొమ్మిదేళ్లయింది కదూ. అక్కడే కాసేపు నిలబడిపోయాను.

భోజనానికి ఒక పాత బిర్యానీ హోటల్‌కి వెళ్లాం. జీరకశాల అని చిన్న గింజ బియ్యం, మన బిర్యానీ అంత కారం ఉండదు, పక్కన ఖర్జూరం పచ్చడి. చివర్లో పాలు లేని సులైమాని టీ. మా ఆవిడ రెండోసారి పెట్టించుకుంది.

మూడింటికి సినగాగ్, అంటే యూదుల గుడి, తెరిచారు. 1568లో కట్టింది. కొచ్చి రాజు తన కోట పక్కనే యూదులకి స్థలం ఇచ్చాడు. చెప్పులు విప్పి లోపలికి అడుగు పెట్టగానే పాదాలకి చల్లగా తగులుతాయి నేల మీది పలకలు. నీలం, తెలుపు, 18వ శతాబ్దంలో చైనా నుంచి తెప్పించినవి. చేత్తో వేసినవి కాబట్టి ఏ రెండూ ఒకలా ఉండవంటారు. మా అమ్మాయి నేల మీద కూర్చుని పలకలు పోల్చడం మొదలుపెట్టింది. బొమ్మ అదే, కానీ ఒకదాంట్లో కుంచె ఒత్తి గీసింది, పక్కదాంట్లో తేలిగ్గా తాకి వదిలేసింది. ఒక చోట రంగు గీత దాటి కొంచెం పాకింది. ఎప్పుడో చైనాలో కూర్చుని గీసిన ఆ మనిషి చెయ్యి కనపడుతోంది బావా. ఇక్కడి యూదు కుటుంబాలు దాదాపు అన్నీ ఇజ్రాయెల్ వెళ్లిపోయాయి. గుడి మాత్రం దీపాలు తుడుచుకుని శుభ్రంగా ఉంది.

పక్కనే ఉన్న ఆ రాజుగారి కోటలో గోడల నిండా రామాయణం బొమ్మలు. దశరథుడి యజ్ఞం దగ్గర మొదలవుతుంది. ఆ కోటని పోర్చుగీసువాళ్లు కట్టి రాజుకి ఇచ్చారు, డచ్చివాళ్లు బాగు చేయించారు. ఈ ఊళ్లో ఏది ముట్టుకున్నా ఎవరో ఒకరు ఓడలో తెచ్చిందే, లేదా ఓడలో వచ్చినవాళ్లు కట్టిందే. సముద్రం మీద వచ్చినందుకే నాకు ఆ సంగతి మనసుకి పట్టింది. విమానంలో వచ్చి ఉంటే ఇదంతా మ్యూజియం చూసినట్టు చూసేసేవాణ్ణి.

సాయంత్రం మళ్లీ ఫోర్ట్ కొచ్చి ఒడ్డుకి వచ్చాం. పొద్దుగుంకే వేళకి మా ఓడ బయల్దేరి, మేం వచ్చిన దారినే వెనక్కి వెళ్లింది. ముందు ఓడని లాగే టగ్గు పడవ, ఆ వెనక దీపాలన్నీ వెలిగించుకున్న ఓడ. వలల వాళ్లు తలెత్తి కూడా చూడలేదు, వాళ్లకి రోజూ ఉండేదే. నేను మాత్రం అది తిన్నె ఉండిన చోటు దాటేదాకా కళ్లు తిప్పలేదు. ఆ దారి ఇప్పటికీ పూడిపోతూనే ఉంటుందట, ఏటా తవ్వుతూనే ఉంటారట. నాన్నగారు రేవు అడుగున పూడిక తవ్వే డ్రెడ్జర్ మీద అన్నేళ్లు డ్యూటీ చేసి వస్తే, బట్టల నిండా బురదేనని మనం ముక్కు మూసుకునేవాళ్లం. ఆయన చేసిన పని ఏమిటో నాకు ఆ ఒడ్డున నిలబడ్డప్పుడు తెలిసిందిరా.

ఆయన్ని నా తరఫున ఒకటి అడుగు. మన పోర్టులో తీసిన ఇసుకని పైపుల్లో బీచికి పంపేవారు కదా, దానికి ముందు, కొత్తగా తవ్విన రోజుల్లో ఆ మట్టంతా ఎక్కడ పోశారు? మన ఇళ్లు ఉన్న చోటేనా? ఆయన చెప్పింది చెప్పినట్టు రాసి పంపు. అరకిలో శొంఠి, పావుకిలో మిరియాలు పార్సిల్ చేశాను, శుక్రవారానికి అందుతుంది.

నీ
బావ