నఖాబు గురించి నస్రీన్‌కు

కడప

బేటీ నస్రీన్,

అస్సలాము అలైకుమ్. ఇక్కడ అందరం క్షేమంగా ఉన్నాము. అబ్బాకు షుగరు అదుపులోనే ఉంది. గౌస్ మామూ మిద్దె మీద గది వేయిస్తున్నాడు. మున్నీ ఖాలా హైదరాబాదులో పెళ్ళి చూసుకుని వచ్చి, టోలీచౌకిలో నువ్వు పలకరించేదాకా నిన్ను గుర్తుపట్టలేకపోయానని, నఖాబులో కళ్ళు మాత్రమే కనబడ్డాయని చెప్పింది. ఆమె చెప్పేదానిలో సగం తీసివేయవచ్చు. అయితే ఈసారి పండుగ ఫోటోలు నువ్వు పంపలేదు. ఫోను చేసినప్పుడల్లా పక్కన ఎవరో ఉన్నట్టు "బాగున్నాను అమ్మీ" అని రెండు మాటలతో ముగిస్తున్నావు. అందుకే ఈ ఉత్తరాన్ని మీ ఆఫీసు చిరునామాకు పంపుతున్నాను. అల్లుడి మీద అనుమానం పెట్టుకున్నానని అనుకోకు, అతను మర్యాద తెలిసిన పిల్లవాడు. నువ్వు తీరిగ్గా, ఒక్కదానివే చదువుకోవాలని నా కోరిక.

నఖాబు వేసుకున్నందుకు నిన్ను మందలించడానికి ఇది రాయడం లేదు. అది నీ ఇష్టమో కాదో నీ నోటి నుంచి వినాలని రాస్తున్నాను. భోజనం వేళకు చేస్తున్నావా? పెళ్ళికి ముందే నీకు రక్తం తక్కువగా ఉండేది.

మీ నానీ, అంటే మా అమ్మ, సంగతి నీకు కొంతే తెలుసు. రాయచోటి దగ్గర పల్లెలో ఆమె తల్లి వేరుశనగ చేలల్లో కూలికి వెళ్ళేది. తల మీద కొంగు ఉండేదే తప్ప ముఖం మీద గుడ్డ ఎన్నడూ లేదు, కలుపు తీసే మనిషికి ఆ వీలు ఎక్కడిది? మీ నానాకు, అంటే మా నాన్నకు, పోస్టాఫీసులో ఉద్యోగం వచ్చి కడపకు కాపురం మార్చాక, నానీకి మొదటిసారి బురఖా కుట్టించారు. ఇంటి ఆడమనిషి కూలికి వెళ్ళనక్కరలేదని పదిమందికీ తెలియజెప్పే బట్ట అది. ఆమె సంతోషంగానే వేసుకుంది. అందులో ఆమెకు ఇంకొక వెసులుబాటు కూడా దొరికింది. అత్తగారు గడప దాటనివ్వని రోజుల్లో ఆ బురఖాతోనే పెద్ద దర్గా ఉరుసుకు, ఆసుపత్రికి, ఇరుగుపొరుగు ఆడవాళ్ళతో మ్యాట్నీ ఆటకు వెళ్ళి వచ్చేది. ఎవరింటి కోడలో వీధిలో ఎవరికీ తెలిసేది కాదు. చాలా ఏళ్ళ తర్వాత నానాతో హజ్‌కు వెళ్ళినప్పుడు, ఇహ్రాంలో, అంటే హజ్ దీక్షలో, ఉన్న స్త్రీ నఖాబు వేసుకోకూడదని ప్రవక్త చెప్పిన మాటను అక్కడి మౌల్వీ వివరించాడట. లక్షలమంది మగవాళ్ళ మధ్య తెరిచిన ముఖంతో కాబా చుట్టూ తిరిగింది. తిరిగి వచ్చి కడప స్టేషనులో రైలు దిగినప్పుడు బురఖా ఒంటి మీదే ఉంది, నఖాబు మాత్రం వెనక్కి వేసే ఉంది. అత్తగారు ఆమె వండిన అన్నం ముట్టనని కూర్చుంది. నానీ వాదించలేదు. అల్లా ఇంటి ముందు కప్పుకోని ముఖాన్ని ఈ వీధిలో ఎందుకు కప్పుకోవాలని ఒక్కసారి అడిగి ఊరుకుంది. ఆ తర్వాత చనిపోయేదాకా నఖాబును ముఖం మీదికి దించలేదు.

మొదట వేసుకున్నది ఆమె ఇష్టమా, తరువాత తీసివేసింది ఇష్టమా అని నేను చాలా ఆలోచించాను. మొదటిసారి సంతోషం నిజమే, కానీ వేసుకుంటావా అని ఆమెను అడిగిన వాళ్ళు లేరు. రెండోసారి సంతోషం కంటే కష్టమే ఎక్కువ, అయినా ఆ నిర్ణయం పూర్తిగా ఆమెది. సంతోషంగా ఉన్నావా అని అడిగి నేను సరిపెట్టుకోలేకపోవడానికి కారణం ఇదే.

బయటివాళ్ళు నఖాబు చూడగానే బలవంతమే అంటారు, మనవాళ్ళు ఇష్టమే అంటారు. రెండింటిలోనూ ఆ ఆడమనిషిని అడిగిన వాళ్ళు ఉండరు. 1936లో ఇరాన్‌లో రాజు రెజా షా పోలీసుల చేత ఆడవాళ్ళు కప్పుకునే చాదర్లు లాగించాడు. ఎందరో స్త్రీలు ఏళ్ళ తరబడి ఇల్లు కదలలేదు. 1979 విప్లవం తరువాత అదే దేశంలో తల కప్పుకోకపోవడం నేరమైంది. 2022 మేలో అఫ్ఘానిస్తాన్‌లో తాలిబాన్లు ముఖం కప్పుకోవాలని ఆజ్ఞ ఇచ్చి, పాటించని స్త్రీ తండ్రికో అన్నకో భర్తకో శిక్ష అన్నారు. ఇంటి మగవాడినే కాపలాదారుగా మార్చే ఆ పద్ధతి నాకు అన్నిటికంటే భయంకరంగా తోస్తుంది. మన పక్క కర్ణాటకలోని ఉడుపిలో తలగుడ్డ కట్టుకున్న పిల్లలను కాలేజీ గేటు దగ్గరే ఆపినప్పుడు కూడా నాకు అంతే బాధ కలిగింది. ఆ గొడవ మీద నడిచిన కేసులో 2022 అక్టోబరులో సుప్రీంకోర్టు న్యాయమూర్తులు ఇద్దరూ చెరొక తీర్పు చెప్పారు. అది ఆ అమ్మాయి ఎంచుకునే విషయమన్న జస్టిస్ సుధాంశు ధూలియా మాట నాకు సరి అనిపించింది.

ఫ్రాన్సులో బహిరంగ స్థలాల్లో ముఖం కప్పుకోవడాన్ని 2010లో చట్టం చేసి నిషేధించి, 150 యూరోల దాకా జరిమానా పెట్టారు. పాకిస్తానీ మూలాలున్న ఒక ఫ్రెంచి యువతి దాని మీద యూరోపు మానవ హక్కుల కోర్టుకు వెళ్ళింది. భర్త గానీ పుట్టింటివాళ్ళు గానీ తనను బలవంతపెట్టలేదని, వైద్యుడి దగ్గరకో స్నేహితులను కలవడానికో వెళ్ళేటప్పుడు నఖాబు వేసుకోనని, రంజాన్ వంటి రోజుల్లో వేసుకోవాలనిపిస్తుందని ఆమె చెప్పుకుంది. 2014లో కోర్టు చట్టాన్నే సమర్థించింది. ఆమె ఓడిపోయినా ఇష్టం అంటే ఏమిటో ఆమె మాటల్లోనే నాకు తెలిసింది. వేసుకున్న రోజూ తీసిన రోజూ ఇంట్లో ఎవరి ముఖమూ మారకపోతే అది ఆమె ఇష్టమే.

నీ ఇంట్లో అలా ఉందా? నిన్ను ఎవరో కసిరారని నేను అనుకోవడం లేదు. మన ఇళ్ళలో ఒత్తిడి చాలాసార్లు మెచ్చుకోలుగా వస్తుంది. వేసుకున్న రోజు "మాషా అల్లా, ఎంత పద్ధతైన కోడలు" అంటారు, వేసుకోని రోజు ఏమీ అనరు. ఆ ఏమీ అనకపోవడాన్ని భరించలేక వేసుకునే ఆడపిల్లలు నా బడిలోనే చాలామంది ఉండేవారు. నఖాబు ఫర్జ్, అంటే మతం ప్రకారం తప్పనిసరి, అని ఎవరైనా చెబితే, ముఖమూ చేతులూ కప్పుకోనక్కరలేదన్న ఉలమాలు, మత పండితులు, ఎందరో ఉన్నారని, హదీసు పండితుడు అల్బానీ కూడా ఆ మాటే అన్నాడని నువ్వు తెలుసుకుని ఉండాలి. కప్పుకోవాలన్న వాళ్ళూ ఉన్నారు. రెండు పక్షాలూ చదివి, అల్లా కోసమని నీ మనసు చెబితే వేసుకో, నేను మున్నీ ఖాలా నోరు మూయిస్తాను.

వేసుకుంటే మాత్రం ఆ నైలాను గుడ్డ వద్దు, చిన్నప్పటి నుంచీ నీకు వేడికి చర్మం పేలుతుంది. మల్లు గుడ్డతో ఒకటి నేనే కుట్టి దీనితో పంపుతున్నాను. స్కూటీ మీద వెళ్ళేటప్పుడు బురఖా అంచు చక్రంలో పడకుండా ఒళ్ళోకి లాక్కుని కూర్చో, పక్కల నుంచి వచ్చే బండ్లు కనబడవు కాబట్టి నడిపేటప్పుడు నఖాబు పైకెత్తుకో. రోజూ కాసేపు మిద్దె మీద ఎండలో ముఖం తెరుచుకుని కూర్చో.

జవాబు ఫోనులో వద్దు, కాగితం మీద రాయి. నా ఇష్టమే అని రాస్తే నమ్ముతాను, మళ్ళీ అడగను. ఇష్టం కాదని రాయడానికి భయమైతే ఏమీ రాయకు, వచ్చే శుక్రవారం దాకా చూసి రాత్రి బస్సుకు అబ్బా, నేను బయలుదేరి వస్తాము.

దువాలతో,
మీ అమ్మీ