మణికట్టు నొప్పిని ‘బెణుకులే’ అని వదిలేయకండి

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

ఈ నెలంతా బడిలో ఆటల పోటీలు. కబడ్డీ, ఖోఖో, రిలే... పిల్లలు పడతారు, దుమ్ము దులుపుకుని మళ్లీ ఆడతారు. ఆడాలి కూడా. కాకపోతే పడేటప్పుడు ఎవరైనా ముందు చేతులే ఆనిస్తారు. ఆ దెబ్బ నేరుగా మణికట్టుకే తగులుతుంది. అందుకే ఈసారి పరీక్షల సంగతులు పక్కనపెట్టి దీని గురించే రాస్తున్నాను.

ఒక చిన్న పని చేసి చూడండి. మణికట్టును లోపలివైపు వీలైనంత వంచి, అలాగే ఉంచి పిడికిలి బిగించండి. సరిగ్గా బిగియదు. ఇప్పుడు మణికట్టును కాస్త వెనక్కి ఎత్తి బిగించండి. పట్టు ఎంత గట్టిగా వచ్చిందో మీకే తెలుస్తుంది. వేళ్లను బలంగా ముడిచే కండరాలు వేళ్లలో ఉండవు, ముంజేతిలో ఉంటాయి. అక్కడి నుంచి స్నాయువులు (కండరాన్ని ఎముకకు కలిపే తాళ్లలాంటివి) మణికట్టు దాటి వేళ్ల దాకా వెళ్తాయి. మణికట్టు లోపలికి వంగితే అవి వదులైపోతాయి, పట్టు సడలిపోతుంది. పెన్ను పట్టాలన్నా, బకెట్ ఎత్తాలన్నా ముందు మణికట్టు కుదురుగా ఉండాలి.

ఇంత చిన్న చోట 8 ఎముకలు రెండు వరసల్లో, ఎముకను ఎముకతో కలిపి ఉంచే లిగమెంట్ల పట్టుతో ఇమిడి ఉంటాయి. అవి ఒకదాని మీద ఒకటి జరుగుతూ ఉండబట్టే చేయి అన్ని వైపులకూ తిరుగుతుంది. ఆఫ్‌స్టంప్ బయట పడిన బంతిని మన అజారుద్దీన్, లక్ష్మణ్ మణికట్టు తిప్పి మిడ్‌వికెట్ వైపు పంపడం చూసినవాళ్లకు ఇంకేం చెప్పనక్కర్లేదు.

ఇక దెబ్బల సంగతి. అరచేతి మీద పడిన బరువులో దాదాపు 80 శాతం ముంజేతిలో బొటనవేలి వైపున్న రేడియస్ ఎముక మీదుగా పోతుంది. పిల్లల్లో ఎక్కువగా దెబ్బతినేది దాని చివరే. పిల్లల ఎముక చాలాసార్లు పెద్దవాళ్ల ఎముకలా పుటుక్కున విరగదు. ఒక్కోసారి నొక్కుకుపోయి పక్కకు ఉబ్బుతుంది. ఒక్కోసారి పచ్చికొమ్మలా ఒకవైపు చిట్లి వంగుతుంది. వాపు కొంచెమే ఉండొచ్చు, వేళ్లు మామూలుగానే కదులుతుండొచ్చు. ‘వేళ్లు కదులుతున్నాయి కదా, విరగలేదులే’ అనే మాట మా ఆఫీసు గదిలో తరచూ వింటుంటాను. దయచేసి ఆ లెక్క నమ్మకండి. ఎముక విరిగినా వేళ్లు కదులుతాయి. పైగా ఎదిగే పిల్లల్లో ఆ చివర్లోనే గ్రోత్ ప్లేట్, అంటే ఎముక పొడవు పెరిగే మెత్తటి భాగం ఉంటుంది. రేడియస్ పొడవు పెరగడంలో సింహభాగం దానిదే. అది దెబ్బతిని సరైన చికిత్స అందకపోతే ఆ ఎముక కురచగానో వంకరగానో పెరిగే ప్రమాదం ఉంది.

తొమ్మిది, పది తరగతుల పిల్లల విషయంలో ఇంకొకటి చూడాలి. బొటనవేలిని వెనక్కి చాస్తే దాని మొదట్లో, మణికట్టు దగ్గర చిన్న గుంట పడుతుంది. పడిన తర్వాత అక్కడ నొక్కితే నొప్పి పుడితే, స్కాఫాయిడ్ అనే చిన్న ఎముక చిట్లిందేమోనని అనుమానించాలి. దీనికి రక్తం ఎక్కువగా వేళ్ల వైపు నుంచి వెనక్కి వస్తుంది. మధ్యలో విరిగితే ముంజేతి వైపు ముక్కకు రక్తం అందక అతుక్కోకపోవచ్చు, ఆ ముక్క చచ్చుబడిపోనూవచ్చు. ఈ చిట్లు మొదటి ఎక్స్‌రేలో కనబడకపోవడం కొత్తేమీ కాదు. అందుకే డాక్టర్లు చేయి కదలకుండా కట్టేసి, 10 నుంచి 14 రోజుల తర్వాత మళ్లీ రమ్మంటారు. నొప్పి తగ్గిందని ఆ రెండో ఎక్స్‌రే మానేయకండి. ఈ ఉత్తరంలో ఏది మరిచిపోయినా ఇది మాత్రం గుర్తుంచుకోండి.

పైపైన పసుపు రాస్తే గొడవేం లేదు. నూనెతో మర్దన చేయించడం, చేయి లాగి సరిచేయించడం, వాచిన చేతికి బిగుతుగా కట్టు కట్టించడం మాత్రం వద్దు. వాపు లోపల పెరుగుతూ ఉంటే బిగుతు కట్టు రక్తాన్ని ఆపేస్తుంది. ఆసుపత్రిలో పిండికట్టు వేయించినా సరే, వేళ్లు తిమ్మిరెక్కినా, చల్లబడినా, రంగు మారినా, నొప్పి అంతకంతకూ పెరిగినా తెల్లారేదాకా ఆగకండి. వెంటనే తీసుకెళ్లండి.

బడిలో పిల్లలు చేతి మీద పడితే పీఈటీ సారు ముందు గాజులు, కడియం, వాచీ, ఉంగరం తీసేస్తారు. వాపు వచ్చాక అవి రావు. గుడిలో కట్టించిన దారం బిగుసుకునేలా ఉంటే దాన్నీ కత్తిరించాల్సి వస్తుంది, అన్యథా భావించవద్దు. తర్వాత అట్ట ముక్క ఆసరాగా పెట్టి మెత్తగా కట్టి, మెడకు జోలె వేసి, గుడ్డలో చుట్టిన ఐసు పెట్టి మీకు ఫోన్ చేస్తారు. ఫోన్ రాగానే టెన్షన్ పడకండి, కానీ సాయంత్రం చూద్దాంలే అని కూడా అనుకోకండి.

కట్టు ఉన్న పిల్లల్ని, డాక్టరు వద్దంటే తప్ప, ఇంట్లో కూర్చోబెట్టకండి. రాసే చేయి అయితే నోట్సు తోటిపిల్లలు రాసిపెడతారు, యూనిట్ టెస్టు నోటితో అడుగుతాం. డాక్టరు రాసిచ్చిన చీటీ కాపీ ఒకటి క్లాస్ టీచర్‌కు ఇవ్వండి. మళ్లీ ఆటల్లోకి ఎప్పుడు దింపాలో ఆ చీటీ చూసే నిర్ణయిస్తాం, పోటీ ఎంత పెద్దదైనా సరే.

ఇట్లు,
మీ ప్రధానోపాధ్యాయురాలు