పొరుగు రాష్ట్రం సమన్లను సొరుగులో పడేయవద్దు

సంపాదకులకు నమస్కారం.

అమెరికాలో స్థిరపడిన తెలుగువారి కోసం మీరు ఇటీవల ప్రచురించిన న్యాయ సలహాల్లో, వేరే రాష్ట్రం కోర్టు నుంచి సివిల్ దావా సమన్లు వస్తే ఆ కోర్టుకు మనపై అధికారం ఉండదు కనుక పట్టించుకోనక్కర్లేదన్న మాట చదివి ఈ లేఖ రాస్తున్నాను. అందులో మొదటి సగం కొన్నిసార్లు నిజం. రెండో సగం మాత్రం కొంప ముంచే సలహా.

న్యూజెర్సీలో చిన్న వ్యాపారం చేసుకునే నా మిత్రుడొకరు ఇదే నమ్మకంతో టెక్సాస్ కోర్టు సమన్లను కారు ఇన్సూరెన్సు కాగితాలుండే సొరుగులో పడేశారు. దావా వేసిన అక్కడి సంస్థ సగం సరుకే పంపి మొత్తం సొమ్ము అడుగుతోందని ఆయన వాదన. అందుకు తగిన డెలివరీ రసీదులూ ఆయన దగ్గర ఉన్నాయి. కొన్ని నెలల తర్వాత ఆయన ఉద్యోగులకిచ్చిన జీతాల చెక్కులు వెనక్కి వచ్చాయి. బ్యాంకుకు ఫోన్ చేస్తే, కోర్టు ఉత్తర్వు మేరకు ఖాతా నిలిపివేశామన్నారు. ప్రతివాది హాజరు కాలేదన్న కారణంతో టెక్సాస్ కోర్టు వాది అడిగినంతా ఇస్తూ తీర్పు చెప్పింది, ఆ తీర్పును న్యూజెర్సీలో నమోదు చేయించి వసూలుకు దిగారు. ఒక రాష్ట్రం కోర్టు తీర్పును మిగతా రాష్ట్రాలు మన్నించాలని అమెరికా రాజ్యాంగం నాలుగో అధికరణమే చెబుతోంది. ఆ దశలో ఆయనకు మిగిలిన గట్టి ప్రశ్న ఒక్కటే: అసలు టెక్సాస్ కోర్టుకు తనపై అధికారం ఉందా? రసీదులు చూపించే అదను దాటిపోయింది. తీరా ఒప్పందం తీసి చూస్తే, ఏ వివాదమైనా టెక్సాస్ కోర్టుల్లోనే తేల్చుకోవాలన్న షరతు చివరి పేజీలో ఉంది, దాని కిందే ఆయన సంతకం. ఓడ టికెట్టుపై అచ్చువేసిన అలాంటి షరతు కూడా చెల్లుతుందని సుప్రీంకోర్టు 1991లోనే కార్నివాల్ క్రూజ్ కేసులో తేల్చింది.

ఒప్పందంలో అటువంటి షరతు లేనప్పుడు సంగతేమిటన్నది నిజంగా చిక్కు ప్రశ్న. దీనికి మూలం 1945 నాటి ఇంటర్నేషనల్ షూ తీర్పు. మిస్సోరి కేంద్రంగా ఉన్న ఆ చెప్పుల కంపెనీకి వాషింగ్టన్ రాష్ట్రంలో కార్యాలయం లేదు. పదకొండు నుంచి పదమూడు మంది సేల్స్‌మెన్ మాత్రం జతలో ఒక్క చెప్పునే నమూనాగా పట్టుకుని ఆర్డర్లు సేకరించేవారు. ఆ ఒంటికాలి చెప్పుల వ్యాపారం కూడా ఆ రాష్ట్రంతో తగినంత సంబంధమేనని, కాబట్టి అక్కడి కోర్టులో నిలబెట్టడం అన్యాయం కాదని సుప్రీంకోర్టు అభిప్రాయపడింది. అప్పటి నుంచి వాదనంతా ఆ ‘తగినంత’ అన్న మాట చుట్టూనే తిరుగుతోంది. న్యూయార్క్‌లో కొన్న ఆడి కారు ఓక్లహోమాలో ప్రమాదానికి గురై తగలబడితే, ఓక్లహోమాలో ఏ వ్యాపారమూ చేయని న్యూయార్క్ డీలరును అక్కడి కోర్టుకు ఈడ్వడం కుదరదని 1980లో అన్న సుప్రీంకోర్టే, ప్రమాదానికి గురైన కార్లను మొదట వేరే రాష్ట్రాల్లో అమ్మినప్పటికీ ఫోర్డ్ కంపెనీ మోంటానా, మిన్నెసోటా కోర్టుల్లో జవాబు చెప్పుకోవలసిందేనని 2021లో తీర్పిచ్చింది. ఆ రాష్ట్రాల్లో అదే రకం కార్లను ఫోర్డ్ ఏళ్ల తరబడి ప్రచారం చేసి అమ్ముతూనే ఉందన్నది తేడా. ఇక వ్యక్తుల విషయంలో, కాలిఫోర్నియాకు పని మీదా పిల్లలను చూసిపోవడానికీ వెళ్లిన ఒక న్యూజెర్సీ వాసికి అక్కడే సమన్లు చేతికివ్వడంతో ఆ రాష్ట్రం కోర్టుకు అధికారం వచ్చిందని 1990లో తేలింది. ఇంతటి సూక్ష్మమైన లెక్కను, కవరు మీది ఊరి పేరు చూసి ఇంట్లో కూర్చుని తేల్చుకోగలమా?

అధికారం లేదన్న అభ్యంతరం బలమైనదే అయినా దానికి గడువూ ఉంది, వరుసా ఉంది. టెక్సాస్ జిల్లా, కౌంటీ కోర్టుల్లో సమన్లు అందిన నాటి నుంచి 20 రోజులు ముగిశాక వచ్చే సోమవారం ఉదయం 10 గంటలలోగా జవాబు దాఖలు కావాలి. అధికార పరిధి అభ్యంతరాన్ని ప్రమాణపూర్వకంగా, మరే ఇతర జవాబుకన్నా ముందే వేయాలి. ఫెడరల్ కోర్టుల్లో గడువు సాధారణంగా 21 రోజులు; కోర్టుకు పెట్టుకునే మొదటి దరఖాస్తులో (మోషన్) గానీ జవాబులో గానీ ఈ అభ్యంతరం లేకపోతే దాన్ని వదులుకున్నట్టే లెక్క. సమన్లను పట్టించుకోనివారే కాదు, కంగారులో ముందుగా అసలు వివాదానికి జవాబు రాసేసి ఈ సంగతి తర్వాత చూద్దామనుకునేవారు కూడా దెబ్బతింటారు.

కాబట్టి ‘పట్టించుకోనక్కర్లేదు’ అన్న వాక్యాన్ని వచ్చే సంచికలో సవరించి, సమన్లు అందిన తేదీని కవరు మీదే రాసుకుని, గడువులోగా ఆ కోర్టున్న రాష్ట్రంలోని న్యాయవాదికి చూపించుకోవాలని ప్రచురించవలసిందిగా మనవి చేస్తున్నాను.

భవదీయుడు,
ఒక పాఠకుడు, న్యూజెర్సీ