బుడమేరు ఎగువన చెట్లకు కౌలివ్వాలి

సంపాదకులకు,

అయ్యా,

2024 సెప్టెంబరులో విజయవాడను ముంచిన వరద తరువాత బుడమేరు వాగు గండ్ల గురించి, కాలువ వెడల్పు గురించి, ఆక్రమణల గురించి చాలా మాట్లాడుకున్నాం. అవన్నీ కావలసినవే. కానీ ఆ నీళ్లు ఎక్కడ పడి, ఏ వాలు మీదుగా దిగి సింగ్ నగర్ దాకా వచ్చాయో ఆ భూముల సంగతి ఎవరూ పెద్దగా ఎత్తలేదు. మైలవరం, జి.కొండూరు వైపు కొండల మీద అడవి అటవీ శాఖది. దాని కింద వాలులో పట్టా భూములున్నాయి. మెట్ట చేలు, మామిడి తోటలు, మధ్య మధ్య వేప, కానుగ, తుమ్మ. ఆ పట్టాదారుల గురించే ఈ ఉత్తరం.

వాళ్లలో ఒకడు భూమిని గ్రావెల్ తవ్వకానికి ఇస్తే టిప్పర్ల లెక్కన డబ్బు చేతికొస్తుంది. ప్లాట్లకిస్తే ఇంకా ఎక్కువే వస్తుంది. చెట్లు ఉంచుకుంటే మాత్రం రూపాయి రాదు సరికదా, ఎదురు ఖర్చు. వేసవిలో మంటలు పాకకుండా హద్దుల వెంట గడ్డి చెక్కించాలి, వాలుకు అడ్డంగా కందకాలు తీయించాలి, మేకలు పడకుండా కంచె వేయాలి. లాభమంతా దిగువన విజయవాడకి, ఖర్చంతా పైనున్న రైతుకి. అప్పటి కుంభవృష్టిని చెట్లు ఆపేవని నేను అనను, అది అబద్ధం. అయితే వేర్లు పట్టిన నేల మీద నీళ్లు నెమ్మదిగా దిగుతాయి, మట్టి కొట్టుకొచ్చి కాలువ పూడటం తగ్గుతుంది. పూడిక తీతకు బిల్లులు పెట్టే ప్రభుత్వానికి ఈ లెక్క తెలియనిదేం కాదు.

పథకాలు లేవా అంటే ఉన్నాయి. 2014లో జాతీయ ఆగ్రోఫారెస్ట్రీ (పొలాల్లో పంటతో పాటు చెట్ల పెంపకం) విధానం వచ్చింది. దాని వెంట 2016–17లో పొలం గట్ల మీద చెట్ల పథకం పెట్టి, రైతు ఖర్చులో సగాన్ని నాలుగేళ్లలో 40, 20, 20, 20 శాతం చొప్పున ఇస్తామన్నారు. తరువాత దాన్ని రాష్ట్రీయ కృషి వికాస్ యోజనలో కలిపేసి, దృష్టిని నర్సరీల మీదికి మళ్లించారు. మంచి మొక్క దొరకడం అవసరమే గానీ, నాటాక దాన్ని బతికించేవాడి మాటేమిటి? ఉపాధి హామీ కింద సన్న, చిన్నకారు రైతుల పొలాల్లో తోటలకు గుంతల కూలీ, కొన్నేళ్ల నీటి ఖర్చు ఇస్తూ వచ్చారు. అక్కడా డబ్బంతా కొత్త మొక్కకే. ముప్పై ఏళ్ల వేపను నరక్కుండా నిలిపినవాడికి ఏ పద్దులోనూ చోటు లేదు. అడవి పోయినందుకు పరిహారంగా జమైన నిధుల్లోంచి కేంద్రం 2019లో రాష్ట్రాలకు 47 వేల కోట్ల రూపాయలకు పైగా పంచింది. అవి ఖర్చయ్యేదీ ప్రధానంగా అటవీ శాఖ ద్వారానే.

ఇక నీరు, భూమి, చెట్ల రక్షణకు తెచ్చిన 2002 నాటి వాల్టా చట్టం. సొంత పొలంలో చెట్టు కొట్టాలన్నా అనుమతి కావాలి. ఉద్దేశం మంచిదే. ఫలితం మాత్రం తిరగబడింది. రేపు ఆఫీసుల చుట్టూ తిరిగే బాధెందుకని దానంతటదే లేచిన మొలకను దున్నేటప్పుడే లేపేసే రైతులున్నారు. సాయం లేకుండా ఆంక్షే ఉంటే జరిగేది ఇదే.

అమెరికాలో 1985 వ్యవసాయ చట్టంతో మొదలైన ఒక పథకం కింద, కోతకు గురయ్యే భూమిని సాగు మాని గడ్డికీ చెట్లకూ వదిలిన రైతుకు పదీ పదిహేనేళ్ల ఒప్పందం మీద ఏటా అద్దె చెల్లిస్తారు. నాటే ఖర్చులోనూ కొంత భరిస్తారు. కోస్టారికా 1996లో చట్టం చేసి, ఇంధనం పన్నులో వాటా తీసి అడవి నిలిపిన భూయజమానులకు పంచుతోంది. మనకు కౌలు కొత్త కాదు. ప్రభుత్వం చెట్లకు కౌలు చెల్లిస్తే ఏం పోయింది?

డబ్బు ఎక్కడిదంటారేమో. గనుల చట్టానికి 2015లో చేసిన సవరణతో వచ్చిన, గనులు తవ్వేవాళ్లు కట్టే జిల్లా ఖనిజ ఫౌండేషన్ నిధి ఉంది. దాని ఖర్చులో పర్యావరణ పరిరక్షణ ప్రాధాన్య రంగమే. కొండ తవ్వినవాడు కట్టిన సొమ్ములో కొంత, కొండను కాపాడినవాడికి ఇవ్వడంలో న్యాయం ఉంది. పెద్ద కమతాలవాళ్లు, స్థలాల వ్యాపారులు దూరతారన్న భయం నాకూ ఉంది. అందుకే మనిషికి ఐదెకరాలు మించకూడదు. కౌలు రైతు మొక్కలు పెంచితే అతనికీ వాటా ఉండాలి. మట్టి తవ్వితే చెల్లింపు ఆగిపోవాలి.

కొండపల్లి బొమ్మలకు వాడే తెల్ల పొణికి కర్ర దొరకడం కష్టంగా ఉందని కళాకారులు ఏళ్ల తరబడి చెబుతున్నారు. అది చేతికి రావడానికి ఏళ్లు పడుతుంది, అన్నేళ్లు ఆదాయం లేకుండా ఏ రైతూ ఆగలేడు. కౌలు పథకంలో ఆ చెట్టునూ చేర్చి, కోతకొచ్చినప్పుడు అనుమతి గ్రామ సచివాలయంలోనే ఇస్తే బొమ్మల పనివాళ్లకూ కర్ర అందుతుంది.

ముందు బుడమేరు ఎగువ మండలాల్లో పదేళ్ల ఒప్పందాలతో మొదలుపెట్టాలని ఎన్టీఆర్ జిల్లా కలెక్టరుకు మీ పత్రిక ద్వారా మనవి చేస్తున్నాను. రెవెన్యూ, అటవీ, వ్యవసాయ శాఖలవారు ఒక రోజు కలిసి కూర్చుంటే ఎకరాకు ఎంతివ్వాలో తేల్చవచ్చు.

ఇట్లు
ఒక పాఠకుడు,
భవానీపురం, విజయవాడ