గీత మీద ఆగిన బంతి గోలా కాదా, పేపర్లో ఒక ముక్క రాయండి

ఎడిటర్ గారికి నమస్కారం,

పోయిన ఆదివారం మా కాలనీ పక్క గ్రౌండ్‌లో పిల్లలకి ఫుట్‌బాల్ మ్యాచ్ పెట్టారు, మా మనవడు గోల్‌కీపర్. ఆఖర్లో బంతి మెల్లిగా దొర్లుకుంటూ వచ్చి సరిగ్గా సున్నం గీత మీద ఆగింది, వీడు దాని మీద పడి పట్టేసుకున్నాడు, చొక్కా నిండా సున్నమే. అయినా రిఫరీగా నిలబడ్డ కుర్రాడు గీతకి తగిలింది కాబట్టి గోలే అని విజిల్ ఊదేశాడు. పక్కనున్న పెద్దమనుషులు కూడా అవునవును లైన్ టచ్ అయితే అయిపోయినట్టే అన్నారు. వాళ్లని అని ఏం లాభం లెండి, మన బుర్రల నిండా క్రికెట్టే కదా, రనౌట్‌లో బ్యాట్ గీత మీదే ఉంటే ఔట్, అదే లెక్క అన్ని ఆటలకీ వేసేస్తాం.

ఫుట్‌బాల్‌లో అలా కాదండి. బంతి మొత్తం గీతని మొత్తంగా దాటిపోవాలి, కొసరు మిగిలినా గోల్ కాదు. ఇంటికొచ్చాక వీడు ఏడుపు ఆపకపోతే వరండాలో చాక్‌పీస్‌తో గీత గీసి, గీత అవతలి అంచు మీద స్కేలు నిలబెట్టి చూపించా. బంతి నేలకి ఆనిన చోటు గీత దాటేసినా దాని పొట్ట ఇంకా స్కేలుకి తగులుతూనే ఉంది! ఫుట్‌బాల్ అడ్డంగా కొలిస్తే దాదాపు 22 సెంటీమీటర్లు ఉంటుంది, అంటే ఆనిన చోటు గీత దాటి 10 సెంటీమీటర్లు అవతలున్నా గోల్ ఇవ్వకూడదు. బంతి బయటికి పోయిందా అన్నదానికీ ఇదే లెక్క. 2022 వరల్డ్ కప్‌లో స్పెయిన్ మీద జపాన్ రెండో గోల్‌కి ముందు జపాన్ ఆటగాడు మితోమా ఎండ్ లైన్ దగ్గర వెనక్కి లాగిన బంతి గుర్తుందా, పక్కనుంచి చూస్తే బయటికి పోయినట్టే ఉంది, పైనుంచి తీసిన ఫోటోలో మాత్రం వెంట్రుకవాసి గీత మీద ఉంది, గోల్ ఇచ్చారు, జపాన్ 2-1తో గెలిచింది.

మనకి జరిగింది ఇంకా ఘోరం. 2024 జూన్ 11న దోహాలో ఖతార్‌తో వరల్డ్ కప్ క్వాలిఫయర్, ఛాంగ్టే గోల్‌తో మనమే 1-0 ముందున్నాం, బంతి ఎండ్ లైన్ దాటి బయటికి పోయింది, మన గోల్‌కీపర్ గుర్‌ప్రీత్ ఆగాడు, ఖతార్ వాడు బయటినుంచి కాలితో లోపలికి లాగాడు, ఇంకొకడు గోల్ కొట్టేశాడు, రిఫరీ ఇచ్చేశాడు. వీడియో చూసి మార్చే ఏర్పాటు ఆ మ్యాచ్‌కి లేదు. 2-1తో ఓడి ఇంటికొచ్చేశాం. మర్నాడు పేపర్లో "వివాదాస్పద గోల్" అని ఉంది గానీ ఏ రూల్ ప్రకారం తప్పో ఒక్క లైన్ లేదు.

హాకీకొస్తే ఇంకో తిరకాసు, బంతి గీత దాటితే సరిపోదు, డీ (గోల్ ముందు గీసే అర్ధచంద్రాకారం) లోపల అటాక్ చేసేవాళ్ల స్టిక్ తగిలి ఉండాలి. డీ బయటినుంచి ఎంత గట్టిగా కొట్టి వలలో వేసినా లెక్కలోకి రాదు. బాస్కెట్‌బాల్‌లో బజర్ మోగేలోపు బంతి చేతినుంచి వదిలితే చాలు, మోగాక రింగులో పడినా పాయింట్లే. ఫుట్‌బాల్‌లో ఆ దయ లేదు, 1978 వరల్డ్ కప్‌లో స్వీడన్ మీద బ్రెజిల్ ఆటగాడు జీకో కార్నర్‌కి తలతో కొట్టిన బంతి వలలోకి పోయింది, కానీ బంతి గాల్లో ఉండగానే రిఫరీ మ్యాచ్ అయిపోయిందని విజిల్ వేసేశాడు, గోల్ లేదు.

మా అల్లుడు అమెరికాలో ఉంటాడు, ఈ గొడవంతా ఫోన్‌లో చెప్తే నవ్వాడు. వాళ్ల ఫుట్‌బాల్‌లో బంతి చేతిలో పట్టుకుని దాని మొన గీత అంచుకి తగిలినా టచ్‌డౌనేనట, అంటే మన గోల్ లాంటిది. మా రిఫరీ కుర్రాడు అక్కడ పుట్టాల్సింది!

అందుకని అడిగేదేంటంటే, స్పోర్ట్స్ పేజీలో గోల్ ఇవ్వలేదనో, ఇవ్వకూడనిది ఇచ్చారనో రాసినప్పుడు ఎందుకో కింద చిన్న బాక్స్ వేయండి, నాలుగు లైన్లు చాలు, కుదిరితే బొమ్మ కూడా. మీరు వేసిన రోజు రెండు కాపీలు కొంటా, ఒకటి ఆ రిఫరీ కుర్రాడికి.

ఇట్లు,
ఒక గోల్‌కీపర్ తాతయ్య,
కాకినాడ