మూసీ పనులు చూస్తున్న అధికారి గారికి బహిరంగ లేఖ

సార్, నమస్తే. నేను సినిమాలు తీస్తాను. హీరో ఉండడు, కథ ఉండదు, అందుకే దరఖాస్తులో 'ఫీచరా, డాక్యుమెంటరీనా' అనే గడి దగ్గరే నా పని ఆగిపోతుంది.

1908 సెప్టెంబర్ 28న మూసీ నది హైదరాబాద్‌ను ముంచేసింది. ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలోని చింతచెట్టెక్కి సుమారు 150 మంది బతికారని చెబుతారు, ఆ చెట్టు ఇంకా ఉంది, ఆ పక్కనుంచి రోజూ వెళ్లేవాళ్లలో ఎంతమంది దాని వైపు చూస్తారో మీరే ఒకసారి నిలబడి గమనించండి. ఆ తర్వాత ఇంజనీర్ విశ్వేశ్వరయ్య వచ్చారు, ఆయన సలహాతో వరద ఆపడానికి ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ జలాశయాలు కట్టారు. ఇదంతా పుస్తకాల్లో ఉంది. 2024లో చాదర్‌ఘాట్ వైపు గోడల మీద ఎర్ర రంగుతో 'ఆర్బీ ఎక్స్' (నది గర్భంలో ఉంది, మూసీ పనుల కోసం కూల్చాలి అని గుర్తు) అని రాశారే, ఆ ఇళ్ల సంగతి ఏ పుస్తకంలో ఉంటుంది?

పనులు ఆపమని అడగడం లేదు (ఆ గొడవ వేరే, దానికి కోర్టులున్నాయి). ఇంకా నిలబడి ఉన్న ఇళ్లను కూల్చేముందు, ఇంటివాళ్లు సరేనంటేనే, లోపల షూట్ చేసుకోనివ్వండి. ఇంటర్వ్యూలు కాదు సార్, గోడ మీద పిల్లల ఎత్తు కొలిచిన గీతలు, కుళాయి శబ్దం, నమాజు వేళ గల్లీ, అంతే. వచ్చే సెప్టెంబర్ 28 సాయంత్రం దాన్ని నది పక్క గోడ మీదే ప్రొజెక్టర్‌తో వేస్తాం. ఖర్చు మాదే. ఒక కాపీ తార్నాకలోని స్టేట్ ఆర్కైవ్స్‌కి ఇస్తాం.

కాదంటే కాదని రాతపూర్వకంగా చెప్పండి, కారణంతో సహా.